నల్ల గ్లాసులు

జూన్ 3, సోమవారం

ఇవాళ నా ముక్కు చేసిన ఘనకార్యం ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే కడుపుబ్బి చచ్చేలా ఉన్నాను. ఇంట్లో చెప్పుకుంటే మా ఆయన "అలాగా" అని ఊరుకున్నాడు. అందుకే ఈ డైరీ. టైర్ల కంపెనీ వాళ్ళు ఆయన డ్రైవింగ్ స్కూలుకి ఊరికే ఇచ్చారు. జనవరి నుంచి తెల్లమొహం వేసుకుని బల్ల మీద పడి ఉంది.

పొద్దున ఒక హోటలు వాళ్ళ కోసం ఎర్ర వైన్లు ఎంచుతున్నాం. టేస్టింగ్ రూములో ముగ్గురం. నేను, పెద్దమేడం, రాయిగారు. ఏ తెల్ల వైను పోసినా తడి రాయి వాసన వస్తోందంటాడు కాబట్టి నా మనసులో ఆయన పేరు రాయిగారు. ఎదురుగా పిలవను. మేడం మూడో సీసా పోస్తుండగానే, గ్లాసు ఇంకా నా చేతికి రాకముందే, ఇది పోయింది మేడం, బిరడా పాడైంది అనేశాను. వానలో తడిసిన అట్టపెట్టె వాసన. నా మొహం మీద కొట్టినట్టు వచ్చింది.

రాయిగారు గ్లాసు తిప్పి, వాసన చూసి, నోట్లో పోసుకుని పుక్కిలించి, తొట్టిలో ఉమ్మి, బాగానే ఉందన్నారు. మేడం కూడా తనకేమీ తగల్లేదన్నారు. నేను పట్టు వదల్లేదు. సరే పక్కన పెట్టి చూద్దామన్నారు. మిగతా సీసాలన్నీ అయ్యేసరికి ఆ గ్లాసుకి గాలి తగిలి అసలు రంగు బయటపడింది. గుమ్మంలో నిలబడ్డవాళ్ళకి కూడా తడి అట్ట వాసన. మేడం నన్ను కొత్త సీసాని చూసినట్టు ఎగాదిగా చూశారు.

ఎన్నో ఏళ్ళు ఈ గదిలో గ్లాసులు కడిగి, సీసాలకి సంచులు తొడిగి, వాళ్ళన్న మాటలు కంప్యూటర్లోకి ఎక్కించిన మనిషిని నేను. బల్ల దగ్గర కుర్చీ ఇచ్చి రెండేళ్ళే అయింది. వచ్చే నెల మేడం రిటైరవుతున్నారు. తన ముక్కు ముసలిదైపోయిందని ఆవిడే చెప్పుకుంటారు. హెడ్ టేస్టర్ కుర్చీ ఎవరిదో తేల్చడానికి జూలై పద్దెనిమిదిన నాకూ రాయిగారికీ పరీక్ష. పది నల్ల గ్లాసులు. లోపల ఏ రంగుందో కంటికి కనిపించదు. ఎరుపో తెలుపో మొదలుకొని ఏ ద్రాక్ష, ఎంత వయసు, అన్నీ చెప్పాలి. ఎర్ర వైనుకీ తెల్ల వైనుకీ ఆమాత్రం తేడా తెలియదా అని బయటివాళ్ళకి నవ్వొస్తుంది. రంగు కనిపించకపోతే తెలుస్తుంది మన బండారం. పెద్ద పెద్దవాళ్ళు ఆ గ్లాసుల ముందు బోర్లా పడ్డారు.

ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళ మాటే ఆఖరిమాట. అది నాకు కావాలి. నాకే కావాలి. రెండుసార్లు రాశాను, ఉండనీ.

జూన్ 4, మంగళవారం

బస్సులో నా ముందు సీట్లో కూర్చున్నాయన చొక్కా ఇస్త్రీ చేసేటప్పుడు కాస్త మాడింది. కాలరు మడత లోపల. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకి తెలీదు.

జూన్ 7, శుక్రవారం

ఇవాళ తెల్లవి. ఒక పాత రీస్లింగ్ తీశారు, దాదాపు నా పెళ్ళినాటిది. రీస్లింగ్ పాతబడితే కిరోసిన్ వాసన వేస్తుంది. అది లోపం కాదు, దాని దర్జా. ముందు కిరోసిన్, వెనక నిమ్మతొక్క, ఆ వెనక తేనె. ఇంతవరకూ నాకు ఎప్పుడూ తెలిసినవే. ఇవాళ తేనె వెనక ఇంకో తలుపు తెరుచుకుంది. ఎండిన చామంతి. దాని వెనక, చెబితే నవ్వుతారు, చలికాలం మొదట్లో ఉన్ని దుప్పట్లు బయటికి తీసినప్పటి వాసన. నోట్లో పోసుకుంటే పులుపు నాలుక అంచుల వెంట జివ్వున పరుగెత్తింది. ఉమ్మేశాక కూడా చాలాసేపు నన్ను వదల్లేదు.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈమధ్య ఊరికే తిరుగుతున్నాయి. వైను అంత బాగుంది మరి.

ఇంటికొచ్చి ఆయన్ని షేవింగ్ లోషన్ మానేయమన్నాను. పదేళ్ళ నుంచీ అదే కదా అన్నాడు. పదేళ్ళ నుంచీ నాకు ముక్కు లేదన్నాను. డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని, తన కాలి కిందున్న రెండో బ్రేకు తొక్కడం మా ఆయన ఉద్యోగం. ఆ అలవాటు ఇంట్లో కూడా పోలేదు. నేను దేనికైనా కాస్త గంతులేస్తే చాలు, "నెమ్మది, నెమ్మది" అంటాడు. కుర్చీ వస్తే మంచిదేగానీ రాకపోయినా పోయేదేం లేదని ఇవాళ ఉపదేశం. ఒళ్ళు మండింది. లోషన్ మాత్రం తీసి కిటికీ అవతల పెట్టేశాడు, పాపం.

జూన్ 10, సోమవారం

సాధనంటే ఇదీ. చిన్న చిన్న సీసాల్లో లవంగం, నారింజ తొక్క, పెన్సిల్ పొట్టు, తోలుముక్క, తుప్పుపట్టిన మేకు, కోసిన గడ్డి పెట్టుకున్నాను. కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ తీసి చెప్పడం. ఒక్కటీ తప్పలేదు. కష్టపడితే ఫలితం ఎక్కడికి పోతుంది? రాయిగారు నాకన్నా ఎక్కువ కాలంగా ఇదే పని చేస్తున్నారు, ఆయనకెందుకు రాలేదంటే అది వేరే సంగతి.

పొద్దున్నే వికారంగా ఉంటోంది. ఖాళీ కడుపున అన్నేసి ఎర్రవి పుక్కిలిస్తే ఎవరికైనా ఉంటుంది.

అక్క ఫోన్ చేసింది. ముగ్గుర్ని కన్నది కాబట్టి ఆడదానికి ఏం జరిగినా దాని దగ్గర ఒకటే కారణం. వాసనలు బాగా తెలుస్తున్నాయన్నాను, పొద్దున వికారమన్నాను. అంతే, "ఒసేయ్, నువ్వు గానీ" అని మొదలుపెట్టింది. గుమ్మంలో ఎవరో వచ్చారని చెప్పి పెట్టేశాను. ఎవరూ రాలేదు.

జూన్ 12, బుధవారం

ఈ నెల కూడా రాలేదు. పరీక్ష హడావుడిలో ఎవరికైనా ఆలస్యమవుతుంది.

జూన్ 14, శుక్రవారం

నల్ల గ్లాసులతో మొదటి సాధన. మేడం మా ఇద్దరికీ చెరి నాలుగు పోశారు.

మొదటిది తేలిక. స్ట్రాబెర్రీ, తడిమట్టి, చిటికెడు మిరియం. చలిప్రదేశపు పల్చటి ఎర్రది. రెండోదాని దగ్గర ఉంది తమాషా. తెల్ల ద్రాక్షనే తొక్కలతో సహా నానబెట్టి చేస్తారు కొందరు. దాని రంగు పాత ఇత్తడిలా ఉంటుంది. నోట్లో పోసుకుంటే ఎర్రదానిలాగే వగరుగా చిగుళ్ళు బిగబడతాయి. రంగు కనిపించకపోతే అందరూ ఎర్రదనే చెబుతారు. రాయిగారూ అదే రాశారు. నేను ముక్కు దగ్గరే ఆగాను. ఎండిన ఆప్రికాట్, టీ ఆకు, నారింజ తొక్క. ఎంత వెతికినా ఎర్ర పండన్నది ఎక్కడా లేదు. తెల్లదే, కానీ తొక్కలతో నానింది అని రాశాను.

మేడం రెండు కాగితాలూ చూసి నా దగ్గరికొచ్చి నిలబడ్డారు. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావమ్మా ఈ ముక్కుని?" అన్నారు.

ఇంటికి నడిచి వచ్చాను. దారి పొడుగునా ఒక్కో ఇంట్లో ఏం ఉడుకుతోందో, ఏ గోడకి కొత్త రంగు పడిందో, ఎవరి పెరట్లో బట్టలు సరిగ్గా ఆరలేదో అన్నీ పిలిచి మరీ చెబుతున్నాయి. ఇంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా లేదు.

జూన్ 17, సోమవారం

అక్క మళ్ళీ ఫోన్ చేసింది. తీయలేదు.

జూన్ 19, బుధవారం

గ్యాస్ మాత్రల కోసం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మాత్రలు రాయలేదు.

నేనూ రాయను. పేరు పెట్టి రాయను. మొదటిసారి పేరు పెట్టి ఊరంతా ఫోన్లు చేసి చెప్పాను. రెండోసారి ఆయనకి ఒక్కడికే చెప్పాను. రెండుసార్లూ మూడో నెలలోనే పోయింది. రెండుసార్లూ ఒక్కలాగే. ఓ రోజు పొద్దున లేచేసరికి వికారం లేదు, ఏ వాసనా ఇబ్బంది పెట్టలేదు. హమ్మయ్య అనుకున్నాను. రెండుసార్లూ హమ్మయ్య అనే అనుకున్నాను. సాయంత్రానికల్లా ఆస్పత్రిలో ఉన్నాను.

నాకు తెలీదా? తెలుసు. బస్సులో ఆ చొక్కా కాలరు నాడే తెలుసు. అప్పట్లో వాసనంటే పారిపోయేదాన్ని, ఈసారి వెంటపడ్డాను. అంతే తేడా.

డాక్టరమ్మకి నా ఉద్యోగం సంగతి తెలుసు. ముక్కు గురించి చెబితే నవ్వింది. అది చాలామందికి జరిగేదేననీ, సాధన మహిమేమీ కాదనీ చెప్పింది. అంటే లవంగాలూ మేకులూ అన్నీ దండగన్నమాట. ఇక వైను చుక్క కూడా నోట్లోకి వెళ్ళకూడదట. ఉమ్మేస్తామండీ అన్నాను. ఉమ్మినా ఎంతో కొంత లోపలికి వెళ్తుంది, వద్దంది. పరీక్ష ఉందండీ అన్నాను. వాసన చూసుకుంటే తప్పులేదంది.

భయం వేయాలి. వేస్తోంది కూడా. కానీ దాని కింద ఒకటే గంతులు. కుర్చీ కావాలి నాకు. ఇదీ కావాలి. రెండూ కావాలి.

జూన్ 20, గురువారం

ఆయనకి చెప్పలేదు. క్రితంసారి నన్ను ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాక చాలా రోజులు పాఠాలు చెప్పడానికి వెళ్ళలేదు. ఇంటి ముందే, ఇంజను ఆపిన కారులో, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చునేవాడు. నేను కిటికీలోంచి చూసేదాన్ని. వెళ్ళి పక్కన కూర్చోవాలని కూడా తోచలేదు నాకు.

గండం గడిచాక చెబుతాను. అంతవరకూ ఆ మనిషిని హాయిగా బ్రేకులు తొక్కుకోనీ.

జూన్ 24, సోమవారం

మేడంని అడిగాను, పరీక్షలో నోట్లో పెట్టుకోకుండా ఒక్క వాసనతోనే చెబితే చెల్లుతుందా అని. ఆవిడ కళ్ళద్దాల పైనుంచి చూసి, "జవాబు సరైనదైతే మోకాలితో వాసన చూసినా నాకు అభ్యంతరం లేదు" అన్నారు. పులుపెంతో వగరెంతో ముక్కుకి అందదు కదా అని కూడా అన్నారు. అందుతుంది మేడం. అనలేదు, అనుకున్నాను.

రోజువారీ పనిలో మాత్రం నాటకం తప్పడం లేదు. గ్లాసు పెదవులకి ఆనిస్తాను. బుగ్గలు ఊదించి ఆడిస్తాను. తొట్టి మీదికి వంగి ఉత్త ఉమ్మి ఉమ్ముతాను. కనుబొమలు ముడేసి కాసేపు గోడ వైపు చూస్తాను. అసలు నేను నాటకాల్లో చేరాల్సినదాన్ని.

జూన్ 28, శుక్రవారం

దొరికిపోయాను.

ఎర్రవి చూస్తున్నాం. ఎర్రవి చూసేటప్పుడు అందరి ఉమ్మీ ఎర్రగా ఉండాలి. నాది మంచినీళ్ళలా ఉంది. ఇంత తెలివితక్కువ పని ఈ లోకంలో మా గదివాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేరు, చేసినా ఇంకెవరూ పట్టుకోలేరు. రాయిగారు తొట్టిలోకి ఒకసారి, నా మొహంలోకి ఒకసారి చూశారు. మేడం అటు తిరిగి బిరడా తీస్తున్నారు.

"మీది తెల్లగా ఉందే," అన్నారు నాకొక్కదానికే వినపడేలా.

చిన్న గుక్క తీసుకున్నాను లెండి అన్నాను. ఆయన తర్వాతి సీసా మొదలయ్యేలోపు లేచి, తొట్టిని మెల్లగా జరిపి, మేడంకి కనపడని వైపు నా పక్కన పెట్టి వెళ్ళి కూర్చున్నారు. ఆ కుర్చీ కోసం నాతో పోటీపడుతున్న మనిషి ఆయన. ఏం అర్థం చేసుకున్నారో అడగలేను. ఇకమీదట ఆయన తడి రాయి అంటే లోపల్లోపల కూడా నవ్వకూడదు.

జూలై 3, బుధవారం

గులాబీలూ, తారూ!

నెబ్బియోలో అనే ద్రాక్ష. పాత సీసా. విచ్చిన గులాబీ రేకుల వాసనా, అప్పుడే వేసిన తారు రోడ్డు వాసనా ఒకే గ్లాసులోంచి వస్తాయి. పోట్లాడుకోవు. ఒకటి తగ్గితే ఒకటి లేస్తుంది. పుస్తకంలో చదివినప్పుడు ఎవడో కోతలు కోశాడనుకున్నాను. ఇవాళ గ్లాసు మీద తల వంచి లేపలేకపోయాను. ఎండు చెర్రీ వచ్చింది, పాత తోలు సంచీ వచ్చింది, ఏదో కషాయపు వాసన వచ్చింది. మళ్ళీ గులాబీ. వగరు ఎంతుందో నాకు ముక్కులోనే తెలిసిపోయింది, నాలుక ఎండిపోయినట్టయింది. ఒక్క చుక్క నోట్లో వేసుకోవాలని ప్రాణం కొట్టుకుంది. వేసుకోలేదు. నువ్వు చూశావుగా, వేసుకోలేదు.

నువ్వు అని రాసేశాను. ఎవర్ని? సరే, ఉండనీ. ముక్కు నాదే అయినా అందులోని పదును నీది. మనమిద్దరం కలిసి పరీక్షకి వెళ్తున్నాం, రాయిగారొక్కరూ ఒకవైపు. ఇది అన్యాయమే. నాకేం సిగ్గు లేదు.

మిగిలిన సీసా ఇంటికి తెచ్చి ఆయనకి పోశాను. ఏం వాసన వస్తోందో చెప్పమన్నాను. వైను వాసన అన్నాడు. ఇంకా, అన్నాను. ముక్కు గ్లాసులో పెట్టి చాలాసేపు ఆలోచించాడు. కొత్తగా రోడ్డు వేసినప్పుడు దాని మీద బండి పోనిస్తే వస్తుందే, అదా, అన్నాడు. నేను కుర్చీలోంచి ఎగిరి ఆయన మెడ పట్టుకున్నాను. "నెమ్మది," అన్నాడు, గ్లాసు ఒలకకుండా పైకెత్తి పట్టుకుని. నువ్వెందుకు పోసుకోలేదని అడిగాడు. ఆఫీసులో ఎలాగూ తప్పదు, ఇంట్లో కూడానా అన్నాను. నమ్మాడు.

జూలై 9, మంగళవారం

పది నల్ల గ్లాసులు. సాధనలో పదికి పది. నోరు తెరవలేదు.

జూలై 11, గురువారం

వికారం ఉంది. మంచిదే.

జూలై 13, శనివారం

వికారం ఉంది. బాగా ఉంది.

జూలై 15, సోమవారం

ఉంది.

జూలై 17, బుధవారం

రేపే. పదకొండింటికి. నాలుక చురుగ్గా ఉండే వేళని అందరికీ అదే టైము పెడతారు. నాకు నాలుకతో పనే లేదు. ఆ కుర్చీలో కూర్చున్నాక మొదట ఏం చేస్తానో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఆ పాత రీస్లింగ్ని హోటళ్ళ చేత కొనిపిస్తాను. కిరోసినేమిటండీ అంటారు. కూర్చోబెట్టి, ఒక్కో తలుపూ తెరిచి, ఉన్ని దుప్పటి దాకా తీసుకెళ్తాను.

మనదే. రేపు మనదే. పడుకో.

జూలై 18, గురువారం

చాలా పొద్దుపోయింది. అయినా ఇవాళే రాయాలి.

పొద్దున హాయిగా మెలకువొచ్చింది. గబగబా స్నానం చేసి, రెండు రొట్టె ముక్కలు తిని, ఆయన చేసిన టీ తాగి బస్సెక్కాను. హుషారులో ఏమీ గమనించలేదు. ఏమీ.

గదిలో తెల్లబల్లకి ఆ చివర రాయిగారు, ఈ చివర నేను. ఒక్కొక్కరి ముందూ పది నల్ల గ్లాసులు. కంపెనీ యజమాని వచ్చి గోడ పక్కన కూర్చున్నారు. మేడం మొదలుపెట్టమన్నారు. మొదటి గ్లాసు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

వైను వాసన వచ్చింది.

అంతే. వైను వాసన. దాని వెనక ఏమీ లేదు. తిప్పి మళ్ళీ చూశాను. ఏదో పండు, కాస్త పులుపు. రెండోది తీశాను. అదీ అంతే. జలుబా అనుకున్నాను. మూడోది. మూసిన తలుపు ముందు నిలబడ్డట్టుంది. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున టీ తాగానని. గ్లాసు నిండా. నెల దాటింది నేను టీ తాగి, ఆ వాసన వస్తే బాల్కనీలోకి పారిపోయేదాన్ని. రొట్టె తిన్నాను. వికారం లేదు. లేచిన దగ్గర్నుంచీ లేదు.

కుర్చీ వెనక్కి పడిపోయిన చప్పుడు విన్నాను. లేచింది నేనేనని తర్వాత తెలిసింది. వెళ్ళాలండీ అన్నాను. ఎక్కడికని మేడం అడిగారు. నాలుగో గ్లాసు నుంచి ముట్టుకోలేదని యజమాని ఏదో అన్నారు. రాయిగారు మాత్రం లేచి తలుపు తీసి పట్టుకున్నారు.

మెట్ల మీద నిలబడి ఆయనకి ఫోన్ చేశాను. పక్క వీధిలోనే పాఠం చెబుతున్నాడు. వస్తున్నానన్నాడు. వచ్చాడు, నత్తనడకన. స్టీరింగు దగ్గర ఒక లావుపాటి కాంట్రాక్టరు కూర్చుని చెమటలు కక్కుతున్నాడు, నేర్చుకోవడం మొదలుపెట్టి వారం కూడా కాలేదట. మా ఆయన కాంట్రాక్టరుని వెనక సీట్లోకి పంపి తను స్టీరింగు పట్టుకున్నాడు. నేను ముందు కూర్చుని, డాక్టరమ్మ దగ్గరికి అన్నాను.

ఏ డాక్టరమ్మ అని అడగలేదు. ఒకసారి నా మొహం చూశాడు, ఒకసారి నా చేతులు ఎక్కడున్నాయో చూశాడు. నా రెండు చేతులూ పొట్ట మీదున్నాయి. మొహంలో నెత్తురు చుక్క లేదు ఆయనకి. బండి ఉరికించాడు. వెనక నుంచి కాంట్రాక్టరు, "ఇండికేటర్ వేయలేదు సార్" అన్నాడు. నేను ఒక్కటే మాట అనుకుంటూ కూర్చున్నాను. కుర్చీ వద్దు. ముక్కు వద్దు. గులాబీలు వద్దు, తారు వద్దు. ఆ రోజు రెండూ కావాలన్నాను, తప్పయింది, ఒక్కటి చాలు.

డాక్టరమ్మ పడుకోమంది. చల్లటి జెల్ రాసింది. తెరని తన వైపు తిప్పుకుంది. క్రితంసారి కూడా ఇలాగే తన వైపు తిప్పుకుని, ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన నా తల దగ్గర నిలబడి ఉన్నాడు. కారు తాళాలు చేతిలో గలగలలాడుతున్నాయి.

అప్పుడు చప్పుడు వినిపించింది. ఎవరో తలుపు తీయమని గబగబా బాదుతున్నట్టు. ఆపకుండా, విసుగు లేకుండా, గది నిండా.

డాక్టరమ్మ తెర మావైపు తిప్పింది. ఆయన దాని మీదికి వంగి, "ఇంత స్పీడు ఉండొచ్చా అండీ?" అన్నాడు. ఉండాలి, అదే సరైన స్పీడు అంది డాక్టరమ్మ. ఆయన అలాగా అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను చూడలేదు ఆయన ఏడవడం. కారులో ఒంటరిగా ఏడ్చి ఉంటాడు, నేను చూడలేదు. చెయ్యి చాపి చొక్కా పట్టుకుని నా దగ్గరికి లాక్కున్నాను.

ఈ సమయానికి వికారం తగ్గడం మామూలేనట. ముక్కు కూడా ఇక మెల్లగా అందరి ముక్కులాగే అవుతుందట. మొన్నటిదాకా పనిచేసినట్టు ఇక పనిచేయకపోవచ్చు, మీ పరీక్ష ఎప్పుడన్నారు, అంది. అయిపోయిందండీ అన్నాను.

సంచీ ఆఫీసులో వదిలేశాను. చెప్పాపెట్టకుండా పారిపోయి వచ్చినదాన్ని, మొహం చూపించాలి కదా. ఆయన కింద కారులోనే ఉన్నాడు. కాంట్రాక్టరు ఇంకా వెనక సీట్లోనే ఉన్నాడు. దారిలో దింపుతామంటే దిగనన్నాడు, సంగతి తెలిసి మా ఇద్దరికన్నా ఎక్కువ సంబరపడుతున్నాడు.

గదిలో మేడం ఒక్కరే ఉన్నారు. కుర్చీ రాయిగారిదైంది. పదికి ఎనిమిది చెప్పారట. మంచి మార్కులే. మేడం మొహం మాత్రం ముడుచుకుని ఉంది. "అందరూ నువ్వు భయపడి పారిపోయావన్నారు. నేను కాదన్నాను. ఎందుకు కాదన్నానో నాకే తెలీదు," అన్నారు. నా పది గ్లాసులూ బల్ల మీద అలాగే ఉన్నాయి. ఆవిడ పారబోయలేదు. ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. "ఏమైందో తర్వాత చెబుదువుగాని. ముందు ఇది చెప్పు. మిగతావేమీ వద్దు. ఎరుపా, తెలుపా?"

వాసన చూశాను. బుద్ధిగా, శ్రద్ధగా, మూడుసార్లు చూశాను. పులుపుంది. నిమ్మలా అనిపించింది. తెల్లది మేడం, అన్నాను. గట్టి నమ్మకంతోనే అన్నాను.

ఆవిడ నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, నా కళ్ళముందే సింకులో వంచారు. తెల్లటి సింకులో చిక్కగా ఎర్రగా పారింది. తెల్లటిదాని మీద ఎరుపు కనబడితే నాకు ఇన్నేళ్ళూ కాళ్ళు చచ్చుబడేవి. నిలబడి చూశాను. వైను. ఉత్త వైను. కంపెనీలో ఇవాళ చేరినవాళ్ళు కూడా తప్పు చెప్పనంత ఎర్ర వైను. నవ్వొచ్చింది. పట్టలేనంత నవ్వు. సింకు అంచు పట్టుకుని నవ్వాను. ఇంత ఘోరంగా నేనెప్పుడూ తప్పు చెప్పలేదు, తప్పు చెప్పి ఇంత సంతోషంగానూ లేను.

మేడం కుళాయి తిప్పి, అందులో అంత నవ్వడానికేముందని కాస్త కోపంగానే అడిగారు.

"కడుపుతో ఉన్నాను మేడం," అన్నాను.

ఆవిడ కుళాయి కట్టేశారు. చేతులు తుడుచుకున్నారు. కళ్ళద్దాలు తీసి నన్ను ఒకసారి, నా చీర కుచ్చిళ్ళ వైపు ఒకసారి చూశారు. కోపమంతా ఎటు పోయిందో.

"ఎన్నో నెల?"

నవ్వు ఆగిపోయింది. ఆ జవాబు నా నోటితో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పే దాకా రెండుసార్లూ రానే లేదు.

"నాలుగోది," అన్నాను.